మూడో సీలు

సదానందం చెయ్యి తప్పదు. ఈ మాట వర్ధన్నపేటలో ముందుగా ఎవరన్నారో తెలియదు గాని, ఇరవై ఐదేళ్ళుగా ఎక్కువసార్లు అన్నది మాత్రం సదానందమే. ట్రాక్టరు గాని, బోరు మోటారు గాని, వరికోత మిషను గాని, ఏది విప్పినా మళ్ళీ బిగించేటప్పుడు ఒక్క నట్టు మిగలదని ఆయన గొప్ప. ఎప్పుడైనా మిగిలితే అది కంపెనీవాడు ఎక్కువ పెట్టిన నట్టు. అంతటి మనిషి స్వయంగా బాగుచేసిన పడవ, పోయిన ఆదివారం, పద్నాలుగు మంది సందర్శకులతో పెద్దచెరువు నడిమధ్యన ఆగిపోయింది.

ఊరికే ఆగలేదు. వెనకవైపు నుంచి రాళ్ళు పడ్డ పిండిగిర్నిలాగా ఒక మోత లేచింది. డ్రైవరు మొగిలి వెంటనే ఇంజను ఆపేశాడు. ఆపకపోతే గేర్లు పొడి అయ్యేవి. ఆ సంగతి సదానందానికి తెలుసు. తెలిసి కూడా, తెప్పలు వెళ్ళి పడవను ఒడ్డుకు లాక్కొచ్చాక ఆయన చేసిన మొదటి పని మొగిలి చెంప మీద కొట్టడం. ఎండకు వాడిపోయిన పద్నాలుగు మంది, మొక్కజొన్న కంకులు కాల్చే ఆడవాళ్ళు, అందరూ చూశారు.

"నీ వలల మీదికెల్లి నడిపినవ్‌రా. పంకాకు దారం చుట్టుకున్నది. నా సీలు కోసుకపోయింది," అని అరిచాడు.

"నేను ఏ వల మీదికెల్లి నడపలే అన్నా," అన్నాడు మొగిలి. చెంప మీద చెయ్యి కూడా పెట్టుకోలేదు. ఆ చెయ్యి పెట్టుకోకపోవడమే సదానందం ఒళ్ళు మండించింది.

మొగిలి తెల్లవారుజామున వల వేస్తాడు, పగలు పడవ నడుపుతాడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. మాట తక్కువవాళ్ళంటే సదానందానికి మొదటి నుంచీ గిట్టదు. వాళ్ళు లోపల ఏం అనుకుంటున్నారో అని ఆయనకు అనుమానం.

ఆ పడవ గురించి కాస్త చెప్పాలి. హైదరాబాదులో ఎవరో పెద్దమనిషి సరదా తీరిపోయి అమ్మేస్తే సదానందం తెచ్చుకున్నాడు. దాని ఇంజను పడవ లోపలే, వెనకభాగంలో ఉంటుంది. అక్కణ్ణుంచి ఒక ఇనుపకాలు వెనక గోడ దాటి నీళ్ళలోకి దిగుతుంది. కాలి చివర పంకా. కంపెనీ పుస్తకంలో దాన్ని స్టర్న్ డ్రైవ్ అన్నారు. చెరువుకట్ట మీద అందరూ 'పడవ కాలు' అంటారు. కాలి లోపల గేర్లు, గేర్లు మునిగేలా నూనె. పంకా ఇరుసు బయటికొచ్చే చోట ఒకదాని వెనక ఒకటి రెండు రబ్బరు సీళ్ళు. ఉంగరం ఆకారంలో ఉండే ఆ రెండు సీళ్ళే నూనెకూ చెరువుకూ మధ్య అడ్డం. ఇలాంటి కాలు బాగుచేసేవాడు కావాలంటే సముద్రం ఉన్న ఊరి నుంచి పిలిపించాలి. "సముద్రపోడు వచ్చి నాకు పానా పట్టుడు నేర్పుతడా?" అని సదానందం పిలిపించలేదు. ఎండాకాలంలో నూనె కారుతుంటే కాలు తానే విప్పి, సీళ్ళు తానే మార్చాడు.

చెంపదెబ్బతో ఆయన కోపం తీరలేదు. మొగిలిని డ్రైవరు పనిలోంచి తీసేశాడు. అదీ చాలలేదు. చెరువు మీద హక్కు మత్స్యకారుల సంఘానిది, పడవకు అనుమతి కూడా సంఘం పేరుమీదే ఉంది. మొగిలి ఇకమీద ఈ చెరువులో వల వెయ్యకూడదని సంఘం తీర్మానం చెయ్యాలని పట్టుబట్టాడు. వల లేకపోతే మొగిలి కుటుంబానికి ఇంకేమీ లేదు. భూమి లేదు, ఇంకో పని చేతకాదు. అది తెలిసే అడిగాడు.

సంఘం అధ్యక్షురాలు సోమక్క అరవై ఏళ్ళ మనిషి, ఎవరికీ తొందరగా తల ఊపదు. "దారం చుట్టుకున్నదంటాన్నవ్. మంచిది. ఆదివారం పొద్దుగాల అందరి ముందట పంకా ఇప్పు. దారం బయటికెల్లితె తీర్మానం రాసుకుందం," అంది.

"ఎల్లకపోతదా?" అన్నాడు సదానందం.

*

శనివారం ఉదయం ఆయన ఒక్కడే పడవ దగ్గరికి వెళ్ళాడు. అనుమానం ఉండి కాదు. అందరి ముందు విప్పేటప్పుడు నట్టు పట్టేసి ఇబ్బంది పెట్టకూడదు, అంతే. పడవ ట్రైలరు మీద, రేవు పక్కన ఉంది. పంకా నట్టు విప్పి, పంకా ఊడదీసి పక్కన పెట్టాడు.

దారం లేదు.

ఇరుసు శుభ్రంగా ఉంది. నాచు కూడా పట్టలేదు. టార్చి వేసి, వేలు పెట్టి చుట్టూ తడిమాడు. చిన్న పోగు కూడా తగల్లేదు. అడుగు బోల్టు కొద్దిగా వదులు చేస్తే నాలుగు చుక్కల నూనె బయటికొచ్చింది. అది నూనె రంగులో లేదు, చాయ్ రంగులో ఉంది. నీళ్ళు కలిశాయి. దారం కోయకపోతే నీళ్ళు ఎలా వెళ్ళినట్టు? మళ్ళీ టార్చి వేశాడు. అప్పుడు చూశాడు బయటి సీలును.

సీలుకు రెండు వైపులుంటాయి. ఒక వైపు చదునుగా ఉంటుంది, రెండో వైపు పెదవీ, ఆ పెదవిని ఇరుసుకు అదిమిపెట్టే సన్నని స్ప్రింగూ ఉంటాయి. స్ప్రింగు ఎటు ఉంటే అటు నుంచి వచ్చేదాన్ని సీలు ఆపుతుంది. టార్చి వెలుగులో సదానందానికి కనబడింది చదును వైపు. సీలు వీపు చెరువు వైపు తిరిగి ఉంది.

ఆయన కింద కూర్చున్నాడు.

ట్రాక్టరుకు ఇరవై ఐదేళ్ళుగా సీళ్ళు అలాగే సుత్తితో కొట్టి కూర్చోబెట్టాడు. స్ప్రింగు ఎప్పుడూ నూనె వైపే. ట్రాక్టరు లోపల నూనె ఉంటుంది, బయట దుమ్ము ఉంటుంది, కాపాడవలసింది నూనెను. పడవకూ రెండు సీళ్ళనూ అలాగే, స్ప్రింగులు లోపలికి పెట్టి కొట్టాడు. కొట్టాక సైకిలు పంపుతో కాలి లోపలికి గాలి కొట్టి, సీళ్ళ మీద సబ్బునీళ్ళు పోసి చూశాడు కూడా. ఒక్క బుడగ రాలేదు. ఎందుకొస్తుంది? లోపలి గాలి బయటికి రాకుండా రెండు సీళ్ళూ కాపలా కాస్తున్నాయి. బయటి నీళ్ళను లోపలికి రావద్దనేవాడే అక్కడ లేడు. ఒకటి నూనె వైపు చూడాలి, ఇంకొకటి నీళ్ళ వైపు చూడాలి. ఇంత చిన్న సంగతి.

సిగ్గుపడాలి కదా. పడ్డాడు, ఒక్క నిమిషం. తర్వాత ఆ సిగ్గు కోపమైంది. కోపం ఎవరి మీదికి పోవాలో దానికి దారి ముందే వేసి ఉంది, మొగిలి మీదికే పోయింది. వాడు అరిచి ఉంటే, తిట్టి ఉంటే, కనీసం ఏడ్చి ఉంటే ఇప్పుడు ఇంత కష్టంగా ఉండేది కాదు. రాయిలాగా నిలబడ్డాడు వెధవ.

*

కొత్త సీళ్ళ కోసం మోటారు సైకిలు వేసుకుని వరంగల్ వెళ్ళాడు. మట్టెవాడలో నబీ దుకాణం. బేరింగులు, సీళ్ళు, బెల్టులు తప్ప ఇంకేమీ అమ్మడు. నబీ ఏ సీలునైనా వేలితో తడిమి ఎక్కడిదో చెప్పేస్తాడు. ఎండాకాలంలో సీళ్ళు ఇచ్చింది కూడా ఆయనే.

"మల్ల అవ్వే సైజా?" అన్నాడు నబీ, కళ్ళద్దాల మీదుగా చూస్తూ. "నాలుగు నెలలు గాలే గద భాయ్."

"దారం కోసింది."

"దారం కోసిందా, నువ్వు రెండూ ఒక్క దిక్కే కొట్టినవా?"

సదానందం బల్ల మీది బేరింగు ఒకటి తీసి తిప్పసాగాడు. నబీకి అది చాలు.

"నేను ఆ రోజే చెప్పిన. ఒకటి లోపలికి, ఒకటి బయటికి, పడవల పని ట్రాక్టర్ల లెక్క ఉండదు భాయ్ అన్న. నువ్వేమన్నవ్? 'దుకాన్ల కూసునేటోడివి, నీకేం ఎరుక' అన్నవ్. గా మాట నాకు యాదికున్నది."

"దారం కోసిందని చెప్తాన్న గద!"

"సరే, దారమే కోసింది." నబీ రెండు సీళ్ళు తీసి బల్ల మీద పెట్టాడు. కాసేపు ఆగి మూడోది కూడా తీశాడు. "మూడు తీస్కపో. ఒకటి మల్ల ఉల్టా కొడ్తవ్."

పక్కనే బెల్టు కోసం నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళు నవ్వారు. సదానందం మూడు సీళ్ళూ జేబులో వేసుకుని, డబ్బు బల్ల మీద పడేసి బయటపడ్డాడు. మూడోది వద్దని చెప్పి ఉండవలసింది. కోపంలో గుర్తురాలేదు.

దారి పొడవునా ఆ నవ్వు చెవుల్లో ఉంది. రేపు సంఘమంతా అలాగే నవ్వుతుంది. దారం లేదు, సీలు తిరగబడి ఉంది, సదానందం చెయ్యి తప్పింది. వర్ధన్నపేటలో ప్రతి ట్రాక్టరువాడూ, సీలు ఎటు కొట్టినవ్ అన్నా అని అడుగుతాడు. బతికినంత కాలం అడుగుతాడు.

రేవు దగ్గరికి వచ్చేసరికి తుమ్మకంప మీద మొగిలి వల పరిచి ఉంది. ఆకుపచ్చ నైలాను వల. చుట్టూ ఎవరూ లేరు.

సదానందం బ్లేడుతో వల మూల కోశాడు. దారాన్ని పంకా వెనక ఇరుసు చుట్టూ గట్టిగా, పొర మీద పొర చుట్టాడు. ఇరుసు వేడికి కరిగినట్టు కనబడాలని కొసలను లైటరుతో కాల్చాడు. మీద కాస్త నాచు కూడా రాశాడు. ఏ పనైనా సగం చేసి వదిలే అలవాటు ఆయనకు లేదు. ఇదీ శ్రద్ధగానే చేశాడు. పంకా మళ్ళీ బిగించి, చేతులు కడుక్కుని ఇంటికి పోయి తృప్తిగా అన్నం తిన్నాడు.

*

ఆదివారం పొద్దున రేవు దగ్గర ముప్పై మంది దాకా చేరారు. సోమక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. సంఘం రాతకోతలు చూసే శ్రీలత తీర్మానాల పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. మొగిలి కొంచెం ఎడంగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సదానందం అందరికీ కనబడేలా పంకా ఊడదీశాడు. ఆకుపచ్చ దారం బయటపడింది.

ఎవరో "ఓర్నీ" అన్నారు. ఇద్దరు ముసలివాళ్ళు మొగిలి వైపు చూసి నేల మీద ఉమ్మేశారు. సదానందం దారాన్ని కత్తితో తెంపి, ముద్దలాగా తీసి సోమక్క చేతిలో పెట్టాడు. కింద బకెట్టు పెట్టి అడుగు బోల్టు విప్పాడు. చాయ్ రంగు నూనె ధారగా దిగింది.

"సూడుర్రి. దారం సీలును కోసింది, నీళ్ళు లోపలికి పోయినయ్. నేను ఒక్క అబద్ధమన్న చెప్పిన్నా?"

సోమక్క దారాన్ని అటూ ఇటూ తిప్పింది. "మొగిలీ, గిది నీ వలదేనా?"

మొగిలి దగ్గరికి వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. "నాదే," అన్నాడు.

ఇక అడిగేదేముంది? శ్రీలత పెన్ను మూత తీసింది. చెరువులో మొగిలికి వల వేసే హక్కు ఇకమీదట ఉండదని రెండు వాక్యాలు రాసి, చదివి వినిపించింది. సదానందం కడుపు చల్లబడింది. సంతకం పెట్టడానికి ఆయనే ముందు చెయ్యి చాచాడు.

"ఆగు," అంది సోమక్క. "దారంతోనే ఆగిందంటాన్నవ్ గద. కొత్త సీళ్ళు తెచ్చినవా? గిక్కడనే బిగించు. పడవ నీళ్ళల్ల తిరిగినంక సంతకాలు. ఒకని నోటికాడి ముద్ద తీస్తాన్నం, జర నిమ్మలంగ తీద్దం."

సదానందం భయపడలేదు. సీళ్ళు కూర్చునే గిన్నెను కాలిలోంచి లాగి బయటికి తీశాడు. పాత సీళ్ళు రెండింటినీ కొక్కెంతో పెకిలించి, ఎవరూ దగ్గరగా చూడకముందే చెరువులోకి విసిరేశాడు. అవి రెండూ మునిగిపోయాయి. ఇక సాక్ష్యమన్నది లేదు.

గిన్నె తుడిచి మొదటి సీలు పెట్టాడు, స్ప్రింగు లోపలికి. చెక్కసుత్తితో కొట్టి కూర్చోబెట్టాడు. రెండోది చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం ఆగాడు. పాత పద్ధతిలో కొట్టేస్తే అడిగేవాడు లేడు. కానీ మూడు నెలలకు పడవ మళ్ళీ నడిమధ్యన ఆగుతుంది, అప్పుడు కొట్టడానికి మొగిలి ఉండడు. అంతకన్నా ముఖ్యం, తప్పని తెలిశాక తప్పుగా బిగించడం ఆ చేతులకు రాదు. మనిషి ఎలాంటివాడైనా చేతులు మెకానిక్కువి. స్ప్రింగును బయటికి తిప్పి, గ్రీజు రాసి, చుట్టూ సమంగా కొట్టాడు. సీలు ముద్దుగా కూర్చుంది. లోలోపల ఆయనకు సంతోషం కూడా వేసింది.

"అన్నా."

మొగిలి గొంతు. సదానందం తలెత్తలేదు.

"ఎండకాలంల రెండూ లోపలికే పెట్టినవ్ గద."

సుత్తి ఆగింది.

ఎండాకాలంలో సీళ్ళు మార్చిన రోజు టార్చి పట్టుకున్నది మొగిలి. గంటసేపు, భుజం పక్కన, కదలకుండా. సదానందానికి అది ఇప్పుడు గుర్తొచ్చింది. టార్చి పట్టుకున్నవాణ్ణి ఆయన ఏనాడూ మనిషి కింద జమ కట్టలేదు. వెలుగు సరిగ్గా పడితే చాలు, అటు చూసేవాడు కాదు. కానీ టార్చి పట్టుకున్నవాడికి వెలుగు పడ్డచోటు చూడటం తప్ప వేరే పనుండదు.

"నీకేం తెల్సురా సీళ్ళ గురించి? నోర్ముయ్యి!"

"తెల్వదన్నా. అందుకే అడుగుతాన్న. ఆ దినం రెండిట్ల స్ప్రింగులు లోపలికే ఉండె. నువ్వు రెండుసార్లు టార్చి దగ్గరికి తెమ్మన్నవ్, నేను తెచ్చిన. ఇయ్యాల ఒకటి బయటికి పెట్టినవ్. ఎందుకు?"

"వీడు దొంగ! దారం నాదే అని ఒప్పుకున్నోని మాట వింటరా?"

"దారం నాదే," అన్నాడు మొగిలి. "నిన్న తుమ్మకంప మీద పరిచిన వలది. వారమాయె వల చేసి, ఇంక ఒక్కసారి గూడ నీళ్ళల్ల వెయ్యలే. సాయంత్రం పోయి చూస్తె మూల లేదు. కుక్క కొరికిందనుకున్న."

ఉమ్మిన ముసలివాళ్ళు ఎటు చూడాలో తెలియక చెరువు వైపు చూశారు. సోమక్క తన చేతిలోని దారం ముద్దను ఇంకోసారి చూసి, కాలిన కొసను గోటితో గీకింది.

"సదానందం. సీళ్ళ సంగతి మాకెవ్వలకు తెల్వదు. నువ్వే చెప్పు. ఏది సక్కటిది? ఎండకాలం పెట్టినట్టా, ఇయ్యాల పెట్టినట్టా?"

ఇవాళ్టిదే అంటే ఎండాకాలానిది తప్పు. ముప్పై మంది ముందు ఆ మాట ఆయన నోటికి రాలేదు.

"ఎండకాలం పెట్టినట్టే సక్కటిది," అన్నాడు. "వీని లొల్లిల పడి ఇది తిరగబడ్డది."

"అట్లనా? అయితె తీసి, ఎండకాలం లెక్కనే పెట్టు."

"తీస్తె సీలు పాడైతది. ఇంకోటి..."

అంటూనే చొక్కా జేబు తడుముకున్నాడు. నబీ ఇచ్చిన మూడో సీలు జేబులోంచి కనబడుతూనే ఉంది. సోమక్క దాన్నే చూస్తోంది.

సదానందం కొక్కెం తీసుకున్నాడు. అంత చక్కగా కూర్చున్న సీలును పెకిలించి పారేశాడు. మూడోది చేతిలోకి తీసుకున్నాడు. స్ప్రింగు లోపలికి తిప్పి గిన్నె మీద పెట్టాడు. సుత్తి ఎత్తాడు.

"కొట్టు," అంది సోమక్క. "కొట్టి పడవ దింపు. ఇగ రోజు నీ పిల్లల్నే ముందుగాల ఎక్కించు. నడిమిట్లకు పోయి వద్దురు."

సుత్తి పైనే ఉంది. ఇరవై ఐదేళ్ళలో ఆ చెయ్యి ఎత్తిన సుత్తి దించకుండా ఆగడం ఎవరూ చూడలేదు, ఇప్పుడు అందరూ చూశారు. ఆయన మొగిలిని చంపెయ్యాలన్నంత కోపంతో చూశాడు. మొగిలి చూపు తిప్పుకోలేదు. ఆ కళ్ళలో జాలి ఉంటే సదానందం కొట్టేసేవాడేమో. జాలి లేదు.

సుత్తి కిందికి దిగింది, సీలు మీదికి కాదు, నేల మీదికి.

"శ్రీలతా, ఆ తీర్మానంల మొగిలి పేరు, వల అన్న మాట కొట్టెయ్," అంది సోమక్క. "తీర్మానం గట్లనే ఉండనీ. పేరు జాగ ఖాళీగ పెట్టు. గీ చెరువుల ఎవరికి హక్కు లేకుంట చెయ్యాల్నో ఆలోచించుకోని రాద్దం."

శ్రీలత కొట్టేసింది. కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు సదానందానికి స్పష్టంగా వినబడింది.

మొగిలి వచ్చి సోమక్క చేతిలోంచి దారం ముద్ద తీసుకున్నాడు. మూల కుట్టుకోవడానికి ఎంత పనికొస్తుందో చూసి, కాలిన కొసలు తుంచేసి, మిగిలింది వేళ్ళకు చుట్టుకున్నాడు.

"మరి పడవ ఎవరు నడుపుతరు మొగిలీ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఆయిన్నే నడుపుకోమను," అన్నాడు మొగిలి, తుమ్మకంప వైపు నడుస్తూ. "ఆయిన చెయ్యి తప్పదు గద."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే సదానందం తిట్టడానికైనా తల ఎత్తేవాడు. జనం ఒక్కొక్కరే కట్ట ఎక్కి వెళ్ళిపోయారు. ఆయన అక్కడే కూర్చుని, గిన్నె మీది సీలును తీసి, స్ప్రింగు బయటికి తిప్పి, మళ్ళీ పెట్టాడు. లోపల సరిగ్గా కనబడలేదు. టార్చి పట్టమని చెప్పబోయి పక్కకు చూశాడు, అక్కడ ఎవరూ లేరు.